టాయ్ పూడిల్ గ్రూమింగ్ ఇంట్లోనే: చిక్కును కుదుళ్ల దగ్గర వెతకాలి

ప్రశ్న క్లుప్తంగా: హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉంటాం. మా టాయ్ పూడిల్‌కి పదకొండు నెలలు. రోజూ బ్రష్ చేస్తున్నా చెవుల వెనక, చంకల్లో ఉండలు కడుతోంది. స్నానం చేయించాక అవి ఇంకా గట్టిపడుతున్నాయి. గ్రూమర్ మొత్తం తీసేయాలన్నారు. ఇంట్లోనే చేసుకోవాలంటే ఏం కొనాలి, ఎలా చెయ్యాలి? ఎండాకాలంలో గుండు చేయడం మంచిదేనా?

సమాధానం:

వయసు, ఉండలు కట్టే చోట్లు, స్నానం తర్వాత గట్టిపడటం. మీరు రాసిన ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం తెలిసిపోతోంది. మీ బ్రష్ పైపొర వరకే వెళ్తోంది, చిక్కేమో చర్మానికి ఆనుకుని కుదుళ్ల దగ్గర పడుతోంది. పైన నిమిరితే మెత్తగానే ఉంటుంది, వేళ్లు లోపలికి పోనిస్తే అట్ట తగులుతుంది. పూడిల్ పెంచేవాళ్లలో చాలామందికి మొదటి ఏడాది ఇలాగే అవుతుంది. మీరు నిర్లక్ష్యం చేశారని అనుకోకండి.

పూడిల్ వెంట్రుక చాలాకాలం ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. అయినా ప్రతి వెంట్రుకా ఏదో ఒకరోజు ఊడుతుంది. లాబ్రడార్‌కైతే ఊడిన వెంట్రుక సోఫా మీద పడుతుంది. పూడిల్‌కి పక్క రింగులో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. దాన్ని దువ్వెనతో బయటికి లాగకపోతే తేమ, దుమ్ము, రాపిడి తోడై ఉండ కడుతుంది. "ఈ జాతి బొచ్చు రాల్చదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాటకి అసలు అర్థం, రాలినదాన్ని మీరే తీయాలని. రాపిడి ఎక్కడ ఎక్కువో చిక్కు అక్కడే పడుతుంది: చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, కాలర్ కింద, హార్నెస్ పట్టీల కింద, తోక మొదట్లో, కాలి వేళ్ల మధ్య. ఇంట్లో ఉన్నంతసేపూ హార్నెస్ తీసేయండి. చంకల బాధ అక్కడికే చాలా తగ్గుతుంది.

ఇక వయసు. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు పూడిల్‌కి పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తుంది. మెత్తటి పాతదీ, గట్టి రింగుల కొత్తదీ ఒకేసారి ఒంటి మీద ఉంటాయి, ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. నిన్న శుభ్రంగా దువ్విన చోట ఇవాళ ఉండ కనిపించేది ఈ నెలల్లోనే. అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను: ఈ దశ దాటేదాకా ఒళ్లంతా ఒక సెంటీమీటరు పొడవుకి మించి పెంచకండి. ఫొటోల్లో కనిపించే గుండ్రటి టెడ్డీబేర్ కటింగ్ ఏడాదిన్నర దాటాక చూసుకోవచ్చు.

కొనాల్సినవి. అన్నిటికంటే ముందు స్టీలు దువ్వెన. ఏడెనిమిది అంగుళాల పొడవు, సగం పళ్లు ఎడంగా, సగం దగ్గరగా ఉండేది. బ్రష్ చిక్కు విప్పుతుంది, అది విడిందో లేదో చెప్పేది మాత్రం దువ్వెనే. ఇది లేకుండా రోజుకి రెండుసార్లు బ్రష్ చేసినా ఇప్పుడున్న పరిస్థితే మళ్లీ వస్తుంది. తర్వాత స్లికర్ బ్రష్: సన్నటి, వంపు తిరిగిన తీగ పళ్లు, వెనక మెత్తటి దిండు ఉన్నది. పళ్లు పొడవుగా ఉంటే దట్టమైన బొచ్చులోకి దిగుతాయి. కొన్నాక ముందు మీ ముంజేతి లోపలివైపు గీసి చూసుకోండి. మీకు మండేంత ఒత్తిడి పెడితే దానికీ మండుతుంది. ఒకే చోట పదేపదే గీస్తే చర్మం ఎర్రగా కమిలిపోతుంది, కుక్క బ్రష్ చూడగానే మంచం కిందికి దూరడం అప్పటి నుంచే మొదలవుతుంది.

క్లిప్పర్, అంటే బొచ్చు కోసే మిషను విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. మగవాళ్ల గడ్డం ట్రిమ్మర్ ఈ బొచ్చుకి పనికిరాదు. మోటారు బలం చాలక మధ్యలో ఆగుతుంది, వెంట్రుకని కోయడానికి బదులు లాగుతుంది, బ్లేడు త్వరగా వేడెక్కుతుంది. బ్లేడు ఊడదీసి మార్చుకునే ఏ5 రకం కుక్కల క్లిప్పర్ తీసుకోండి. బ్లేడు నంబరు పెరిగేకొద్దీ వెంట్రుక పొట్టిగా మిగులుతుంది. 10 నంబర్ దాదాపు 1.5 మిల్లీమీటర్లు వదులుతుంది, 7 ఎఫ్ 3.2, 5 ఎఫ్ 6.3, 4 ఎఫ్ 9.5, 3 ఎఫ్ 13. నంబరు పక్కన ఎఫ్ అని ఉంటే పళ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయని అర్థం. ఎఫ్ లేని 4, 5, 7 బ్లేడ్లలో ఒక పన్ను పొడవు, ఒకటి పొట్టి. ఆ సందులోకి చర్మం మడత దూరి తెగుతుంది. ఇంట్లో వాడేవాళ్లు వాటి జోలికి పోకూడదు. మీకు రెండు బ్లేడ్లు చాలు: ఒకటి 10 నంబర్, రెండోది 4 ఎఫ్. 4 ఎఫ్ బదులు 30 నంబర్ బ్లేడు మీద తొడిగే స్టీలు గార్డు దువ్వెనలు కొనుక్కున్నా పని జరుగుతుంది. గార్డు లేకుండా ఉత్త 30 నంబర్‌ని మాత్రం చర్మానికి ఆనించకండి, అది అర మిల్లీమీటరు మాత్రమే వదులుతుంది.

మిగతావి చిన్నవి: మొన గుండ్రంగా ఉన్న కత్తెర, బ్లేడు నూనె, గోళ్ల కటర్, కాళ్లు జారకుండా రబ్బరు మ్యాట్, ఒక స్ప్రే సీసా, కొంచెం కార్న్ ఫ్లోర్. స్ప్రే సీసాలో పావు లీటరు నీళ్లకి ఒక చెంచా కుక్కల కండిషనర్ కలిపి ఉంచుకోండి. పొడి బొచ్చు మీద బ్రష్ గీస్తే వెంట్రుక తెగుతుంది, తెగిన మొనలు కొత్త చిక్కుకి కొక్కేలవుతాయి. పల్చగా తేమ తగిలించి మొదలుపెట్టాలి.

ఇప్పుడున్న ఉండల సంగతి

ప్రతి ఉండనీ వేళ్ల మధ్య పట్టుకుని, దానికీ చర్మానికీ మధ్య దువ్వెన పళ్లు దూరతాయేమో చూడండి. దూరితే విప్పొచ్చు. ఉండ మీద స్ప్రే చల్లండి, లేదా చిటికెడు కార్న్ ఫ్లోర్ రుద్దండి. ఉండ మొదలుని చర్మం పక్కన గట్టిగా పట్టుకోండి, అప్పుడు లాగుడు మీ వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. కొసల నుంచి మొదలుపెట్టి చిన్నచిన్న విదిలింపులతో బ్రష్ చేస్తూ కుదురు వైపు రండి. పెద్ద ఉండైతే ముందు వేళ్లతో నిలువునా రెండు మూడు పాయలుగా చీల్చుకోండి. ఒక్కో విడతకి పది నిమిషాలు చాలు, ఆ తర్వాత దాని ఓపికా పోతుంది, మీ చెయ్యీ మొరటవుతుంది.

పళ్లు దూరకపోతే, లేదా ఒక ఉండ పక్క ఉండతో కలిసి ఒకే అట్టగా ఉంటే, విప్పాలనే ఆలోచన మానేయండి. గంటల తరబడి పీకడం చిత్రహింస అవుతుంది, చర్మం పుండవుతుంది. బొచ్చు నెల తిరిగేసరికి ఒక సెంటీమీటరు వరకు పెరుగుతుంది. మీ గ్రూమర్ మొత్తం తీసేయాలన్నది అట్ట కట్టిన స్థితి చూసి అని ఉంటే ఆ మాట సరైనదే. ఆ పని 10 నంబర్ బ్లేడుతో చెయ్యాలి. బ్లేడుని చర్మానికి సమాంతరంగా, అట్ట కింద నుంచి నెమ్మదిగా పోనివ్వండి. పొడుగు వదిలే బ్లేడ్లు అట్ట కిందికి దూరవు. పైనుంచి తోస్తే అట్టతో పాటు చర్మమూ పైకి లేచి పళ్లలో పడుతుంది.

కత్తెర మాత్రం వద్దు. ఉండ కింద చర్మం గుడారంలా పైకి లేచి ఉంటుంది, మీ కళ్లకి కనిపించేదంతా బొచ్చే. "చిన్న ఉండే కదా" అని ఒక్క కోత పెడితే అంగుళం మేర చర్మం తెగి, కుట్లు వేయించాల్సి వస్తుంది. ఇంట్లో జరిగే గ్రూమింగ్ గాయాల్లో ఇది ముందువరసలో ఉంటుంది.

చెవుల మీద అట్ట ఉంటే ఇంకో జాగ్రత్త. చాలాకాలం బిగుసుకుని ఉన్న అట్ట తీయగానే చెవి ఆకులోకి రక్తం ఒక్కసారిగా వస్తుంది, దురద పుడుతుంది, కుక్క తల విదిలించడం మొదలుపెడుతుంది. ఆ విదిలింపుకి లోపల రక్తనాళం చిట్లి చెవి ఉబ్బిపోవచ్చు. అట్ట తీసిన రోజు చెవుల్ని తలకి ఆనించి, మెత్తటి సాక్సు పై భాగం కోసి తల చుట్టూ వదులుగా తొడగండి, కొన్ని గంటలు ఉంచండి, పక్కనే ఉండి చూసుకోండి. చెవి ఉబ్బి వేడిగా అనిపిస్తే అదే రోజు వెట్ దగ్గరికి వెళ్లాలి. అట్ట కింద చర్మం చెమ్మగా, ఎర్రగా, దుర్వాసనతో ఉన్నా, ఈగలు వాలి పురుగులు పడినట్టున్నా గ్రూమింగ్ అక్కడితో ఆపేసి వెట్‌కి చూపించండి. మన వాతావరణంలో ఆ పురుగులు ఒకటి రెండు రోజుల్లోనే లోతుకి వెళ్లిపోతాయి.

రోజువారీ దువ్వడం

పొరలు పొరలుగా దువ్వాలి. ఒక పక్కకి పడుకోబెట్టి, పాదం దగ్గర మొదలుపెట్టండి. ఎడమ చేత్తో బొచ్చుని పైకి ఎత్తిపట్టుకోండి, కింద సన్నటి పాపిడిలా చర్మం గీత కనిపించాలి. ఆ గీత దగ్గర నుంచి ఒక వరస బొచ్చుని కిందికి బ్రష్ చెయ్యండి. తర్వాత అర అంగుళం పైన ఇంకో గీత. అలా కాలు, పొట్ట పక్క, వీపు, మెడ. ఒక భాగం అయ్యాక ఎడం పళ్ల దువ్వెన, ఆ తర్వాత దగ్గరి పళ్లది, చర్మం నుంచి కొస దాకా ఆగకుండా పోవాలి. ఎక్కడైనా ఆగితే అక్కడ మళ్లీ బ్రష్. దువ్వెన ఆగకుండా పోయిందంటేనే ఆ రోజు పని అయినట్టు. టాయ్ సైజుకి ఇరవై నిమిషాలు పడుతుంది. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజు చెయ్యండి. చెవుల వెనక, చంకలు మాత్రం ఏ రోజూ మానకండి, దానికి రెండు నిమిషాలు చాలు.

ఖాళీ స్థలాల్లో, చెరువు గట్ల మీద నడిపిస్తే ఇంటికి రాగానే కాళ్లు చూడండి. ఉత్తరేణి గింజలు రింగుల్లో పడితే సాయంత్రానికల్లా ఒక్కో గింజ చుట్టూ ఒక ఉండ తయారవుతుంది. పల్లేరు కాయలు వేళ్ల సందుల్లో గుచ్చుకుంటాయి. గడ్డి ముళ్లు చర్మంలోకి దిగి చీము పట్టిస్తాయి. కుక్క ఒకే పాదాన్ని అదేపనిగా నాకుతుంటే ముందు అక్కడే వెతకాలి.

కొబ్బరినూనె రాయడం చాలా ఇళ్లలో అలవాటు. రింగుల బొచ్చుకి వద్దు. నూనె దుమ్ముని పట్టేస్తుంది, చిక్కు రెట్టింపవుతుంది, కుక్క దాన్ని నాకుతుంది. సున్నిపిండి రింగుల్లో ఇరుక్కుని ఎంత కడిగినా పోదు. కుంకుడు రసం కళ్లలో పడితే విపరీతంగా మండుతుంది. మనుషులకి పనికొచ్చేవే, దీనికి మాత్రం వద్దు.

స్నానం

స్నానం తర్వాత ఉండలు ఎందుకు గట్టిపడుతున్నాయంటే, చిక్కు ఉండగానే నీళ్లు పోస్తున్నారు కాబట్టి. తడిసిన రింగులు ముడుచుకుంటాయి, ఆరేకొద్దీ చిక్కు బిగుస్తుంది. కాబట్టి దువ్వెన ఒళ్లంతా ఆగకుండా పోయాకే బాత్రూంలోకి తీసుకెళ్లాలి. ఉండ ఉంటే ముందు విప్పాలి, లేదా తీసేయాలి.

రెండు మూడు వారాలకి ఒకసారి చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి, కుళాయి కింద నేరుగా నిలబెట్టకండి, బకెట్‌లో పట్టి మణికట్టు ముంచి చూడండి. చెవుల్లో దూది పెట్టండి. దట్టమైన బొచ్చు పైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది, కాబట్టి రెండు మూడు నిమిషాలు వేళ్లతో విడదీస్తూ తడపండి. కుక్కల షాంపూని సీసా మీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలిపి పోస్తే చర్మం దాకా సమంగా చేరుతుంది. చిక్కటి షాంపూ ఒకే చోట పోస్తే అక్కడే మిగిలి దురద పెడుతుంది. మనుషుల షాంపూ వద్దు, కుక్క చర్మపు పీహెచ్ మనకంటే తటస్థానికి దగ్గరగా ఉంటుంది. గాయాలు కడిగే యాంటీసెప్టిక్‌లు నీళ్లలో కలపడం, టీ ట్రీ నూనె రాయడం రెండూ హాని చేస్తాయి. ఒంటి మీద మిగిలింది నాకినా లోపలికి పోతుంది. షాంపూ పెట్టాక గుండ్రంగా రుద్దకండి. బొచ్చు వాలిన వైపు పిండినట్టు నొక్కుతూ పోవాలి. గుండ్రంగా రుద్దితే చేతులారా చిక్కు వేసినట్టే.

మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లైతే ఇది ముఖ్యం. గట్టి నీళ్లలో షాంపూ సరిగా నురగ రాదు, ఉప్పులు వెంట్రుక మీద తెల్లటి పొరగా మిగిలి బొచ్చు గరుకెక్కుతుంది. మామూలు కంటే రెండింతలు కడగండి, కండిషనర్ రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగాక, చివరగా రెండు మగ్గులు ఫిల్టర్ నీళ్లు గానీ మున్సిపల్ నీళ్లు గానీ పోయండి. తేడా దువ్వెనలోనే తెలుస్తుంది.

ఆరబెట్టడం

ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎక్కువ చిక్కు పుట్టేదీ ఇక్కడే. బాల్కనీ ఎండలో వదిలేస్తే పై రింగులు ఆరతాయి, కుదుళ్ల దగ్గర గంటల తరబడి తడి ఉంటుంది. ఆ తడిలో బొచ్చు ముడుచుకుంటుంది, చర్మం మీద ఈస్ట్ పెరుగుతుంది. ముందు టవల్‌తో అద్దండి, రుద్దకండి. రెండు టవళ్లు తడిసేదాకా నొక్కి నొక్కి తీయండి. తర్వాత డ్రయ్యర్‌ని తక్కువ వేడి మీద, చర్మానికి అరచెయ్యి పొడవు దూరంలో పెట్టి, గాలి తగిలే చోటే బ్రష్ చేస్తూ ఉండండి. తడి రింగు గాలికి తెరుచుకుంటున్నప్పుడే బ్రష్ దాన్ని తిన్నగా లాగాలి. ఆరిపోయాక బ్రష్ చేస్తే రింగు తిరిగి మూసుకుపోయి ఉంటుంది. ఒక భాగం ఆరబెడుతుండగా మిగతా భాగం టవల్‌లో చుట్టి ఉంచండి. చెవుల లోపలికి, ముఖం మీదికి గాలి కొట్టకండి. మీ చెయ్యి డ్రయ్యర్ ముందు పది సెకన్లు కదలకుండా ఉండలేకపోతే ఆ వేడి ఎక్కువ. టాయ్ పూడిల్‌కి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. ఇలా తిన్నగా ఆరిన బొచ్చు మీదే క్లిప్పర్ సమంగా నడుస్తుంది. రింగులు ఉన్నప్పుడు నడిపితే గీతలు గీతలుగా వస్తుంది.

క్లిప్పర్ నడపడం

అట్ట తీయడానికి తప్ప మురికి బొచ్చు మీద, తడి బొచ్చు మీద క్లిప్పర్ వద్దు, బ్లేడు మొద్దుబారిపోతుంది. రబ్బరు మ్యాట్ వేసిన బల్ల మీద నిలబెట్టండి, ఇంకొకరు పట్టుకోవాలి, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. బల్ల మీంచి దూకితే టాయ్ పూడిల్ ముంజేతి ఎముకలు తేలిగ్గా విరుగుతాయి. ఫ్యాను ఆపేయండి, బొచ్చు ఇల్లంతా పోకుండా ఉంటుంది. మొదటిసారి అయితే ముందు వారం రోజులు క్లిప్పర్ ఆన్ చేయకుండా ఒంటికి తాకిస్తూ, తర్వాత దూరంగా ఆన్ చేసి తినడానికి ఏదైనా పెడుతూ అలవాటు చెయ్యండి. ఆ వారం లేకపోతే తర్వాత ఏళ్ల తరబడి పెనుగులాటే.

4 ఎఫ్ బ్లేడుతో మెడ వెనక నుంచి తోక మొదలు దాకా, వెంట్రుక వాలు వైపే. ఎదురు నడిపితే బ్లేడు మీద రాసినదానికంటే పొట్టిగా వస్తుంది. బ్లేడు చర్మం మీద బల్లపరుపుగా ఉండాలి, మొన కిందికి గుచ్చినట్టు వంచితే కోస్తుంది. మిషను బరువు చాలు, మీరు నొక్కక్కర్లేదు. మెడ, వీపు, పక్కలు అయ్యాక కాళ్లు పై నుంచి కిందికి. పొట్ట కింద, మలద్వారం చుట్టూ, మూత్రం పోసే చోటు 10 నంబర్‌తో, వాలు వైపు, చాలా తేలిగ్గా. ఆడకుక్కకైనా మగకుక్కకైనా చనుమొనలు ఉంటాయి, ముందు వేలితో తడిమి ఎక్కడున్నాయో చూసుకోండి.

తెగే చోట్లు ఇవి: తొడకీ పొట్టకీ మధ్య పల్చటి చర్మపు మడత, చంక మడత, మడమ పైన స్నాయువు, తోక కొస, నోటి మూల పెదవి మడత, చెవి బయటి అంచు కింద చిన్న జేబులా ఉండే చీలిక. ఈ ఆరు చోట్లా ఎడమ చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకుని అప్పుడే బ్లేడు ఆనించాలి. చంకలో అయితే ముందు కాలుని ముందుకి చాపాలి. పక్కకి ఎత్తితే కీలు నొప్పి పుడుతుంది, మడత ఇంకా పెరుగుతుంది. చెవి అంచు బొచ్చు కోసేటప్పుడు అంచుని మీ వేళ్లతో పట్టుకోండి, కత్తెర వేళ్ల బయటే నడవాలి.

ముఖానికి 10 నంబర్. కంటి బయటి మూల నుంచి చెవి రంధ్రం దాకా ఒక గీత ఊహించుకుని, ఆ గీత కింద బుగ్గ, మూతి. గడ్డం కింద చేత్తో దవడ పట్టుకోండి. కళ్ల లోపలి మూలల్లో బొచ్చు పెరిగితే కనుగుడ్డుకి గుచ్చుకుని నీళ్లు కారతాయి, ఆ తడికే కింద ఎర్రటి మరక పడుతుంది. అక్కడ గుండ్రటి మొన కత్తెర, ముక్కు వైపు చూపిస్తూ. పాదాల అడుగున మెత్తల మధ్య పెరిగిన బొచ్చు మెత్తలతో సమంగా తీసేస్తే టైల్స్ మీద జారదు. మెత్తల లోతుల్లోకి బ్లేడు దూర్చకండి.

ప్రతి ఐదు నిమిషాలకీ బ్లేడుని మీ ముంజేతికి ఆనించి చూడండి. వేడిగా ఉంటే ఆపి చల్లారనివ్వండి, లేదా రెండో బ్లేడు మార్చండి. క్లిప్పర్ చేసిన మర్నాడు కనిపించే ఎర్రటి కమురు ఎక్కువగా వేడి బ్లేడు వల్ల, ఒకే చోట పదిసార్లు నడపడం వల్ల. కుక్క అక్కడ నాకుతూ ఉంటే నోరు అందకుండా మెడకి కోన్ పెట్టండి, లేకపోతే కమురు పుండవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి ఇదంతా చెయ్యాలి.

ఎండాకాలం గుండు

చర్మం కనిపించేలా తీయకండి. పూడిల్‌కి లోపల ఉన్ని పొర ఉండే జాతుల తీరు కాదు కాబట్టి పొట్టిగా కత్తిరించినా బొచ్చు మళ్లీ సరిగానే వస్తుంది. పొమరేనియన్, హస్కీల విషయంలో ఆ భరోసా లేదు, వాటిని గుండు చేస్తే కొన్నిసార్లు నెలల తరబడి బొచ్చు రాదు. అయితే పూడిల్‌కైనా చర్మం బయటపడితే మే నెల ఎండకి మాడుతుంది, దోమలూ ఈగలూ నేరుగా కుడతాయి. 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంచండి. పొట్ట కింద 10 నంబర్‌తో తీసేస్తే చల్లటి నేల మీద పడుకున్నప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. అట్ట కట్టి మొత్తం తీయాల్సి వస్తే ఆ రెండు మూడు వారాలు పొద్దున ఏడులోపు, చీకటి పడ్డాకే బయటికి తీసుకెళ్లండి.

చెవులు, గోళ్లు, పిడుదులు

పూడిల్‌కి చెవి లోపల కూడా వెంట్రుకలు మొలుస్తాయి. పాతకాలంలో ప్రతిసారీ పీకేవాళ్లు. చెవి శుభ్రంగా, వాసన లేకుండా ఉంటే పీకాల్సిన పని లేదు, పీకిన చోట వాచి అదే ఇన్‌ఫెక్షన్‌కి దారి తీయొచ్చు. బయటికి కనిపించేది కత్తిరిస్తే చాలు. రెండు వారాలకోసారి కుక్కల చెవి క్లీనర్ పోసి, చెవి మొదలుని అర నిమిషం మర్దన చేసి, తల విదిలించనిచ్చి, పైకి వచ్చిన మురికిని దూదితో తుడవండి. బడ్స్ లోపల పెట్టకండి. పులిసిన వాసన, గోధుమరంగు జిగురు, ఒకవైపే తల వంచడం కనిపిస్తే క్లీనర్‌తో సరిపెట్టుకోకుండా వెట్‌కి చూపించాలి. వర్షాకాలంలో ఇది తరచుగా వస్తుంది.

గోళ్లు మూడు నాలుగు వారాలకోసారి, ఒక్కో కోతకి ఒకటి రెండు మిల్లీమీటర్లు. నల్లగోరులో రక్తనాళం కనిపించదు. కోసిన ముఖంలో మధ్యన మెత్తటి నల్లటి చుక్క కనిపించగానే ఆపండి. రక్తం వస్తే కార్న్ ఫ్లోర్ అద్ది ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోండి. ముందుకాళ్ల లోపలివైపు పైన ఉండే అదనపు గోరు నేలకి అరగదు. బొచ్చులో కనపడక గుండ్రంగా తిరిగి మాంసంలోకి దిగుతుంది, దాన్ని వెతికి మరీ కత్తిరించాలి.

పిడుదులు, కొందరు గోమార్లంటారు, రింగుల్లో కంటికి కనబడవు. దువ్వేటప్పుడు చెవి మడతలు, వేళ్ల సందులు, కాలర్ కింద, తోక కింద వేలి కొసతో తడమండి. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగండి, తిప్పకండి, చేత్తో నలపకండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దే వద్దు. మన దగ్గర పిడుదుల జ్వరం సర్వసాధారణం, బొచ్చు కుక్కల్లో ఆలస్యంగా బయటపడుతుంది. తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారితే గంటలు కూడా ఆలస్యం చేయకండి. నివారణకి మాత్ర గానీ, మెడ మీద వేసే చుక్కల మందు గానీ వెట్ బరువు చూసి రాస్తారు. చుక్కల మందు వేస్తే, దానికి ముందూ తర్వాతా రెండు రోజులు స్నానం వద్దు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి వెట్‌కి ముందే చెప్పండి. కుక్కల మందుల్లో వాడే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం.

లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడిల్‌ల కలయిక) లాంటి కలగలుపు కుక్కలున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. కుక్కల బొచ్చు రకరకాలుగా ఉండటానికి ముఖ్యంగా మూడు జన్యువులు కారణమని 2009లో తేలింది: ఒకటి పొడవుకి, ఒకటి రింగులకి, ఒకటి మీసాలు కనుబొమల బొచ్చుకి. కలగలుపు పిల్లలకి ఇవి ఏ కలయికలో వస్తాయో చెప్పలేం, ఒకే ఈతలో పుట్టినవాటికి కూడా బొచ్చు వేరుగా ఉంటుంది. వాటికి లోపలి ఉన్ని పొర ఉందేమో విడదీసి చూసి, ఉంటే 10 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా తీయకండి. కర్లీ కోటెడ్ రిట్రీవర్‌కైతే ఈ పద్ధతేదీ వర్తించదు, దాని బొచ్చు పొట్టిగానే ఆగుతుంది, మామూలుగా రాలుతుంది, గట్టిగా బ్రష్ చేస్తే రింగులు చెదిరిపోతాయి.

పనయ్యాక బ్లేడుని పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పళ్ల మీద, పక్క పట్టాల మీద, వెనక ఆనే చోట ఒక్కో చుక్క నూనె వేసి కొన్ని సెకన్లు నడిపి తుడవండి. వర్షాకాలంలో నూనె లేకుండా డబ్బాలో పెడితే నెలలోపే తుప్పు పడుతుంది. శుభ్రమైన బొచ్చు మీద కూడా బ్లేడు లాగుతూ, గీతలు వదులుతూ ఉంటే పదును పోయినట్టే, సాన పట్టించాకే మళ్లీ కుక్క మీద పెట్టండి.